ముట్టుకోకుండా చూసి రా

"వెళ్ళొద్దనను. కానీ ముట్టుకోకుండా చూసి రా," అన్నాడు మా ఆయన సుతార్జ.

అప్పుడు నేను పూజబుట్టల కోసం లేత కొబ్బరాకులు చీలుస్తున్నాను. పొద్దున్నే మా తమ్ముడు నెంగా ఫోన్ చేసి అమ్మ పోయిందన్నాడు. సాయంత్రం ఆమెకి స్నానం చేయిస్తారు, దహనం పూజారి మంచిరోజు చూశాకే. ఎల్లుండి పౌర్ణమి. మా ఆయన చూసుకునే విడిదిలో విదేశీ అతిథులందరికీ తలా ఒక బుట్ట, పూలు, అగరొత్తులు, గుళ్ళో కూర్చుని ఫోటోలు. చావింట్లో శవాన్ని ముట్టుకుంటే మైల. మైలపడ్డ మనిషి బుట్ట కుట్టకూడదు, గుడి గడప తొక్కకూడదు. నేను కుట్టకపోతే ఇంకెవరు కుడతారు? సుతార్జ బాధ అది. అమ్మ పోవడం దాని తర్వాతది.

"పెళ్ళయి మా ఇంటి గుడికి చెందినదానివి. మీ అమ్మ మైల దానంతటది నీకు రాదు, నువ్వు వెళ్ళి తెచ్చుకుంటే తప్ప," అంది అత్తగారు, నేను సంతకెళ్ళి ఏదో పనికిమాలిన సామాను కొనుక్కొస్తానేమో అన్నట్టు.

పోయిన పౌర్ణమికి నాకు నెలసరి వచ్చింది. అది కూడా మైలే. ఆ సంగతి చెబితే ఇదే సుతార్జ, "ఎవరితోనూ అనకు. దేవుళ్ళేమైనా దిగొచ్చి అడుగుతారా? అంతంత దూరం నుంచి వచ్చినవాళ్ళని చూసి వాళ్ళే సర్దుకుంటారు," అని నా ముందు కొబ్బరాకుల కట్ట పడేశాడు. అతిథుల కోసం సర్దుకునే దేవుళ్ళు మా అమ్మ కోసం మాత్రం సర్దుకోరట! ఆచారం అతని నడుముకి కట్టుకునే గుడ్డలాంటిది. భోజనానికి కూర్చుంటే వదులు చేసుకుంటాడు, నలుగురిలోకి వెళ్తే బిగిస్తాడు.

ఈ విడిదికి వచ్చేవాళ్ళు డబ్బు కట్టి సేవ చేసే స్వచ్ఛంద సేవకులు. ఇళ్ళలో చీపురు ఎక్కడుంటుందో తెలియనివాళ్ళు సముద్రాలు దాటొచ్చి ఇక్కడ వాకిలి ఊడుస్తారు. సాయంత్రం గుండ్రంగా కూర్చుని ఊడవడం తమకేం నేర్పిందో చెప్పుకుంటారు. ఒకమ్మాయి ఏడ్చింది కూడా. మిగతావాళ్ళు గుండెల మీద చేతులు పెట్టుకుని తలలూపారు. ఆ వాకిలిని వాళ్ళు లేవకముందే నేను ఊడుస్తాను. "కొన్ని ఆకులు వదిలెయ్యి, వాళ్ళకి ఊడవడానికి ఏమైనా ఉండాలిగా," అంటాడు సుతార్జ. అందుకని ఎర్రగా, అందంగా ఉన్నవి ఏరి, వాళ్ళ జ్ఞానం కోసం అక్కడక్కడా పరిచి వస్తాను. నన్ను మాత్రం ఆ గుండ్రంలోకి ఎవరూ పిలవలేదు. పిలిస్తే ఏం చెప్పాలి? నడుం నొప్పి తప్ప నాకేం నేర్పలేదని చెప్పాలి.

ఈ విడిది పెట్టిన విదేశీయుడు డొమినిక్ కొత్తగా వచ్చినవాళ్ళకి ఒకే మాట చెబుతాడు: "ఇక్కడి ఆడవాళ్ళకి పని అంటేనే ప్రార్థన." పక్కనే నిలబడి మా ఆయన, తానే ఆ ప్రార్థన చేసి అలిసిపోయినవాడిలా నవ్వుతాడు. అమ్మ సంగతి తెలిసి డొమినిక్ నా దగ్గరికొచ్చి కళ్ళు మూసుకున్నాడు. "మీ దగ్గర మరణం వేడుక కదా. మీరెంత అదృష్టవంతులు!" అన్నాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు అతన్ని ఇలాగే అభినందించాలని గట్టిగా అనుకున్నాను.

ఆ సేవకుల్లో మారిట్ అని తెల్లజుట్టు ఆవిడ ఉంది, వంటింట్లో నాతో గిన్నెలు తోముతుంది. గుండ్రంలో కూర్చుని ఎప్పుడూ ఏమీ చెప్పదు. ఆవిడ నా చేతిలోంచి చాకు తీసుకుంది. నా వేళ్ళకంటిన జిగురు తడిగుడ్డతో తుడిచింది. వచ్చీరాని మా భాషలో, "వెళ్ళు. ఇవి ఎండితే ఎండనీ," అంది.

పుట్టింటి గేటు దగ్గర నెంగా ప్లాస్టిక్ కుర్చీతో నిలబడున్నాడు.

"బావ ఫోన్ చేశాడక్కా. నీకు కుర్చీ ఇక్కడే వెయ్యమన్నాడు. లోపలికి రావటగా?"

"వేశావా మరి?"

"పెద్దాయన చెప్పాక వెయ్యనా? కూర్చుంటే కూర్చో. లేకపోతే చెప్పులు దాని మీద విడిచి రా," అన్నాడు.

చెప్పులు విడిచి కుర్చీ మీద పెట్టాను.

వాకిట్లో వెదురు బల్ల మీద అమ్మ. చుట్టూ ఆడవాళ్ళు చెంబులతో నీళ్ళు పోస్తున్నారు. నేను నాలుగడుగుల దూరంలో ఆగిపోయాను. ఇన్నేళ్ళ భయం కాళ్ళలో ఉంటుంది, గేటు దాటినంత మాత్రాన దిగదు.

"ఏమే, చుట్టపుచూపుగా వచ్చావా?" అని కసిరింది మేనత్త. "కన్నీళ్ళు మీ అమ్మ మీద పడనీయకు. ఆత్మ పోయే దారికి అడ్డమట."

అమ్మ బొటనవేలు చూశాను. పూజబుట్టలకి గుచ్చే వెదురు పుల్లలు గీసుకుని గీసుకుని మొద్దుబారిపోయిన వేలు. అమ్మ ఊరికే కూర్చోగా ఎప్పుడు చూశాను? మైల రోజుల్లోనే. అప్పుడు అరుగు మీద కాళ్ళు చాపుకుని, తమలపాకు నములుతూ, "దేవుళ్ళకి ఇవాళ నేనొద్దట, బతికానే!" అని నవ్వేది. నాన్న కసురుకునేవాడు. అమ్మ కాళ్ళు ఇంకొంచెం చాపేది.

మేనత్త పళ్ళెం చాపింది. అందులో కళ్ళ మీద పెట్టడానికి అద్దం ముక్కలు, ముక్కుకి మల్లెమొగ్గలు, కనుబొమలకి వేపాకులు ఉన్నాయి. వచ్చే జన్మలో అందంగా పుట్టాలని పెడతారు.

నేను వేపాకులు తీసుకున్నాను. అమ్మ నుదుటి మీది తడి అరచేత్తో తుడిచి, ఒక్కో కనుబొమ మీదా ఒక్కో ఆకు ఆనించాను. నుదురు చల్లగా ఉంది. చెయ్యి వెంటనే తీయలేదు.

ఫోన్ మోగింది, మా ఆయన.

"చూశావా? అయిపోయిందా? ఎక్కడిదాకా వచ్చావు?"

"ముట్టుకున్నాను."

సుతార్జ గొంతు పెంచాడు. "బుద్ధుందా నీకు? అంతమంది డబ్బు కట్టి వచ్చారు! పౌర్ణమికి నేనేం చెయ్యను?"

"మీ చేతులున్నాయిగా. వాటికి ఏ మైలా లేదు."

"ఎప్పుడొస్తావు? దహనం ఎప్పుడు?"

"పూజారి ఇంకా మంచిరోజు చూడలేదు, అప్పటిదాకా నాకు మైలే. నెమ్మదిగానే చూడమని చెబుతాను. ఆ తర్వాత రావాలో వద్దో నేను చూసుకుంటాను."

ఫోన్ ఆపేశాను. గేటు దగ్గరికెళ్ళి, కుర్చీ మీది చెప్పులు తీసి కింద పెట్టాను. కుర్చీ లోపలికి తెచ్చి అమ్మ పక్కన వేసుకున్నాను. మేనత్త తమలపాకు ఇచ్చింది. కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.