నూట పన్నెండో సీసా

వడమాలపేట దాటి పుత్తూరు వైపు పోతుంటే, రోడ్డుకు ఎడమ పక్కన మునివెంకటప్ప కట్ల ఇల్లు. పొద్దున ఆరు గంటలకే దాని ముందు ఆటోలు ఆగుతాయి. చెయ్యి విరిగినవాళ్ళు దిగుతారు, కాలు విరిగినవాళ్ళను దించుతారు. మునివెంకటప్ప ఎముకను వేళ్ళతో తడిమి, సరిచేసి, ఆకు పసరూ కోడిగుడ్డు సొనా పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో కడతాడు. చిన్న దెబ్బయితే ఇంటికి పంపేస్తాడు. పెద్ద దెబ్బయితే వెనక రేకుల షెడ్డులో ఎనిమిది మంచాలున్నాయి, ఒకదాని మీద పడుకోబెడతాడు. కాసేపటికి ఆయన కోడలు జయంతి వచ్చి ఒక చేతిలో కాఫీ గ్లాసు, ఇంకో చేతిలో 'పింగళ యాత్ర' మొదటి భాగం పెడుతుంది.

అరచేతిలో పట్టే పుస్తకాలవి. మొత్తం నూట పన్నెండు భాగాలు. పింగళ అనే ఆకాశనౌక, దాని కెప్టెన్ శరభ, వంట చేసే మరమనిషి బుడగ, భాగానికో కొత్త గ్రహం. రాసినాయన చిత్తూరులో ఏదో ఆఫీసులో గుమాస్తా అట. ముప్పై ఏళ్ళు రాసి, రాస్తూ రాస్తూనే పోయాడు. రోగులు కదలకుండా పడుకుంటారని మునివెంకటప్ప వాటిని తెచ్చి పెట్టాడు. తర్వాత ఏమవుతుందో అని ఊపిరి బిగబట్టినవాడు మంచం దిగడు కదా.

చదవడం మొదలుపెట్టిన మూడో రోజుకు అరికాలికి మట్టి అంటుతుంది. మంచం దిగని మనిషి కాలికి, కళ్ళాపి చల్లి ఊడ్చిన షెడ్డులో. మూడో భాగం చదివినవాళ్ళకు పసుపు రంగు మట్టి, ఇరవై ఏడో భాగానికి నీలం, యాభై ఎనిమిదికి మెరిసే నల్లటి పొడి. ముందు మంచి కాలికి అంటుతుంది. విరిగిన కాలికి కూడా అంటిందంటే ఎముక అతుక్కున్నట్టే, ఆ రోజే కట్టు విప్పుతారు. చెయ్యి విరిగినవాళ్ళకు అరచేతులకు అంటుతుంది. ఫోనులో గ్రహాల సినిమాలు చూసి ఎంతోమంది ప్రయత్నించారు గానీ, చెమట తప్ప ఏమీ అంటలేదు. జయంతి రోజూ పొద్దున తడిగుడ్డతో ఆ కాళ్ళు తుడిచి, ఆ మట్టిని ఖాళీ పచ్చడి సీసాల్లో దాచి, సీసా మీద భాగం నంబరు అతికిస్తుంది. షెడ్డు గోడ పొడుగునా ఆ సీసాలే. నూట పదకొండు నిండి ఉన్నాయి. నూట పన్నెండోది మాత్రం ఖాళీ. అంతదాకా ఎవరూ చదివి ఉండరని అందరూ అనుకునేవాళ్ళు.

అలా అనుకోవడానికి కారణం ఉంది. ఒక్కో భాగానికి ఒక్కటే కాపీ. కట్టు విప్పిన రోజు ఎక్కడ ఉంటే అక్కడే పుస్తకం వదిలేసి పోవాలి, అది ఆ ఇంటి పద్ధతి. దాంతో అందరూ కథ మధ్యలోనే బాగైపోతారు. నడుచుకుంటూ బయటికి పోతూ, జబ్బు వచ్చినవాళ్ళలాగా వెనక్కి చూసుకుంటూ పోతారు. తర్వాతి భాగం కోసం మోటార్ సైకిలు మీద నుంచి కావాలనే పడినవాళ్ళు కూడా ఉన్నారని పుత్తూరులో చెప్పుకుంటారు. చదివినవాళ్ళు ప్రతి భాగంలోనూ పదిహేడో పేజీలో తమ గుర్తు గీసి పెడతారు. ఒకరు చేప, ఒకరు గొడుగు, ఒకరు ఆటో. మళ్ళీ ఎముక విరిగితే ఎక్కడ మొదలుపెట్టాలో దాన్ని బట్టి తెలుస్తుంది.

చెంగయ్య గుర్తు తొడిమ ఉన్న మామిడికాయ. దామలచెరువు దగ్గర తోటల్లో కాయలు కోసే మనిషి. అరవై దాటినా కొమ్మల మీద ఉడతలాగా తిరుగుతాడు. ఇప్పటికి నాలుగు సార్లు పడ్డాడు. ఈసారి తొడ ఎముక విరిగింది. తొంభై ఐదో భాగం నుంచి ఇమ్మని అడిగి, మూడు రోజులకొకటి చదువుతున్నాడు. నలభై ఐదు రోజులు దాటినా విరిగిన కాలికి కాదు గదా, మంచి కాలికి కూడా మట్టి అంటలేదు.

మునివెంకటప్పకు ఇది కొత్త. పసరు మార్చాడు, కట్టు మార్చాడు. చివరికి మంగళవారం పొద్దున మంచం పక్కన కూర్చుని చెప్పేశాడు. "శనివారం దాకా సూస్తానప్పా. మట్టి అంటకపోతే తిరుపతి ఆసుపత్రికి పోవాల్సిందే. రాడ్ ఏస్తారు. నడుస్తావు గానీ, ఇంగ చెట్టెక్కేది మరిచిపో."

చెంగయ్య తల ఊపి గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. చెట్టెక్కని చెంగయ్య ఎలా ఉంటాడో ఆ షెడ్డులో ఎవరికీ ఊహకు రాలేదు, ఆయనకు అసలే రాలేదు.

పక్క మంచం గ్రేసీది. తడ దగ్గర బూట్ల కంపెనీలో అడుగులు కుట్టే పని. కంపెనీ బస్సు దిగుతూ పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుంది. మొదట్లో ఆ పుస్తకాలను చూసి, ఇవన్నీ ఉత్త అబద్ధాలు కదక్కా అని జయంతితో అన్న మనిషే. మూడో రోజు లేచేసరికి కుడి అరచేతిలో పసుపు రంగు మట్టి మెరిసింది. ఆమె దాన్ని చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. భూమ్మీద లేని చోటికి తను పోయి వచ్చింది, పోయి వచ్చినట్టు సాక్ష్యం చేతిలో ఉంది. ఆ రోజు ఆమె టిఫిను కూడా, ఆ అరచెయ్యి ముడవకుండా వేళ్ళ కొనలతో చెంచా పట్టుకుని తినింది.

గ్రేసీకి ఒక చెడ్డ అలవాటు ఉంది. ఏ కథయినా చివరి పేజీ ముందు చూస్తుంది. బుధవారం జయంతి వంటింట్లో ఉన్నప్పుడు, పుస్తకాల పెట్టె అడుగు నుంచి నూట పన్నెండో భాగం తీసింది. చివరి పేజీలో పింగళ ఒక కొత్త గ్రహం మీద దిగింది. ఆఖరి వాక్యం, 'కెప్టెన్ శరభ తలుపు తెరిచాడు.' అంతే. తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. శరభ ఆ నేల మీద కాలు పెట్టనే లేదు. సీసా ఎందుకు ఖాళీగా ఉందో ఆమెకు అప్పుడు అర్థమయింది.

పుస్తకం మూయబోతూ పదిహేడో పేజీ తిప్పింది. తొడిమ ఉన్న మామిడికాయ కనిపించింది. పాత గీత, ఇంకు వెలిసిపోయి ఉంది.

మధ్యాహ్నం మిగతావాళ్ళు కునుకు తీస్తున్నప్పుడు ఆమె ఆ పేజీ తెరిచి చెంగయ్య ముందు పెట్టింది.

"ఇది నీ గుర్తే కదా చిన్నాయనా? ఎప్పుడో సదివేసినావు కదా, మళ్ళీ తొంభై ఐదు అని ఎందుకు అబద్ధం చెప్పినావు?"

చెంగయ్య చేత్తో ఆ గుర్తును మూశాడు. 

"పోయిన తూరి భుజం ఇరిగినప్పుడు, తొంభై నాలుగు కాడే నాకు బాగైపొయ్యిందమ్మా. చేతికి మట్టి అంటింది. ఇంగా పద్దెనిమిది ఉండాయి కదా, ఎట్ల ఇడిసిపెట్టి పొయ్యేది? జయంతమ్మ సూసేలోగా రోజూ కడిగేసుకున్నాను. దొంగ నొప్పి పెట్టుకుని అన్నీ సదివేసినాను. ఒకసారి తొక్కిన నేల మళ్ళా అంటదు. ఇప్పుడు నాకు కాలు పెట్టేదానికి కొత్త నేల యాడుండాది?"

గ్రేసీ పుస్తకం మూసి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. ఆయన మీద కోపం వచ్చింది, అంతకు మించి జాలి వేసింది. ఆ స్థానంలో ఉంటే తను కూడా చెయ్యి కడుక్కునేదే కదా అనిపించింది.

రెండు రోజులు ఆలోచించింది. శుక్రవారం భోజనాలయ్యాక జయంతిని అడిగి మరీ నూట పన్నెండో భాగం తీసుకుంది. ఈ పూట అందరికీ వినపడేలా పైకి చదువుతానంది. ఎనిమిది మంచాల మీదా జనం అటు తిరిగారు. చెంగయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆమె మొదటి పేజీ నుంచి తాపీగా చదివింది. ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చింది. కెప్టెన్ శరభ తలుపు తెరిచాడు.

పేజీ తిప్పింది. తెల్ల కాగితం. ఆమె ఆగలేదు.

కెప్టెన్ శరభ వెంటనే దిగలేదు. ముందు తన బూట్లు చూసుకున్నాడు. నూట పదకొండు గ్రహాలు తిరిగిన బూట్లు. బొటనవేలి దగ్గర కుట్టు ఊడింది, ఎప్పుడైనా ముందు ఊడేది అక్కడే. విప్పి, గుమ్మం దగ్గర పక్కపక్కన పెట్టాడు. ఉత్త కాళ్ళతో దిగాడు. నేల వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన పరుపులాగా. ఆకాశంలో సూర్యుడు లేడు. వెలుతురంతా చెట్ల లోపలి నుంచి వస్తోంది. ఒక్కో చెట్టు ఎంత పొడుగంటే, చిటారు ఎక్కడుందో కనిపించదు. పైకెక్కి చూస్తే గానీ దారి తెలియదు. నౌకలో మాత్రం చెట్టెక్కడం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. శరభ ఒక కొమ్మ పట్టుకున్నాడు, కాలు జారింది.

గ్రేసీ అక్కడ ఆగింది. నిజానికి ఆమెకు తర్వాత ఏమవుతుందో తెలియదు. చెట్టెక్కడం ఆమెకు కూడా రాదు.

"కొమ్మ నడిమిట్లో కాదు," అన్నాడు చెంగయ్య కళ్ళు తెరవకుండానే. "బోదె కాడ కాలు పెట్టమను. కొమ్మ యాడ పుట్టిందో ఆడ గెట్టిగా ఉంటాది."

శరభ అక్కడే కాలు పెట్టాడు. ఆ పైన ఇద్దరూ కలిసి ఎక్కించారు, ఆమె ఒక కొమ్మ చెబితే ఆయన తర్వాతి కొమ్మ. కాఫీలు తెచ్చిన జయంతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. మునివెంకటప్ప చేతికి పసరుతోనే వచ్చి కూర్చున్నాడు. చిటారుకు చేరి శరభ వెనక్కి చూశాడు. తాను తిరిగిన లోకాలన్నీ ఒక్కచోట కనిపించాయి, పసుపుది, నీలంది, నల్లగా మెరిసేది, వరసగా నూట పదకొండు. ఎదురుగా ఇంకా చూడనివి. వాటికి లెక్క లేదు. షెడ్డులో ఎవరూ గోడ మీది సీసాల వైపు చూడకుండా ఉండలేకపోయారు.

శనివారం పొద్దున తడిగుడ్డతో వచ్చిన జయంతి, చెంగయ్య దుప్పటి తొలగించి మామను పిలిచింది. రెండు అరికాళ్ళకూ మట్టి ఉంది. ఎండలోకి తిప్పితే రాగి రంగు. నీడలో చూస్తే లోపల దీపం పెట్టినట్టు వెలుగుతోంది. మునివెంకటప్ప వేలితో తాకాడు. మట్టి ఇంకా వెచ్చగా ఉంది. యాభై ఏళ్ళుగా కట్లు కడుతున్న మనిషి, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత కూర్చుని కట్టు విప్పాడు.

జయంతి గోడ మీద నుంచి నూట పన్నెండో సీసా దించింది. చెంగయ్య వద్దన్నాడు.

"అది తలుపు తెరిచిన భాగమమ్మా. దాన్ని అట్లే ఉండనీ. దీనికి వేరే సీసా తే."

ఆయన లేచి, కర్ర ఆనించుకుని, షెడ్డు చివరిదాకా నడిచాడు. గేటు దాకా పోయాడు. అందరిలాగే వెనక్కి చూసుకున్నాడు. కానీ అందరిలాగా పోలేదు. తిరిగి వచ్చి గ్రేసీ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చెట్టు దిగినాక ఏమైంది?" అని అడిగాడు.

గ్రేసీ కుడి చేత్తో గీతల నోట్‌బుక్కు తెరిచి, పైన నూట పదమూడు అని రాసింది. ఆమె ఎడమ అరచేతిలో కూడా ఆ పొద్దున రాగి రంగు మట్టి ఉంది. కట్టు విప్పించుకోవడం ఇంకా గుర్తు రాలేదు. జయంతి వంటింట్లోకి పోయి, ఇంట్లో ఉన్న ఖాళీ పచ్చడి సీసాలన్నీ కడిగి, పెరట్లో ఎండకు వరసగా బోర్లించింది.