నూట పదమూడో నంబరు పరికరం

మావయ్య దృష్టిలో నంబరు లేని వస్తువు అసలు వస్తువే కాదు. ముప్పై ఆరేళ్ళు ఒక పెద్ద ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి, రిటైరైన నెలకే అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి అయ్యాడు. పదవి చేతికొచ్చిన మొదటి వారంలోనే తెల్ల పెయింటు డబ్బా, సన్న కుంచె పట్టుకుని అయిదంతస్తులూ తిరిగాడు. నిచ్చెన ఒకటో నంబరు. నీళ్ళ మోటారు రెండు. మెట్ల కింద కాలు విరిగిన కుర్చీ పంతొమ్మిది. వాచ్‌మన్ గొడుగు ముప్పై రెండు. వాన మొదలైనప్పుడల్లా వాచ్‌మన్ ఆ గొడుగు కోసం మావయ్య గుమ్మం దాకా వచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టి, గొడుగు చేతికి అందే లోపు నిలువునా తడిసిపోయేవాడు. అత్తయ్య అయితే, పెళ్ళైన కొత్తలో రోజూ పొద్దున లేవగానే నుదుటి మీద ఏమైనా రాసి ఉందేమోనని అద్దంలో చూసుకునేదాన్నని చెప్తుంది.

అపార్టుమెంటులో చట్టాలు రెండే. నంబరున్న వస్తువు మావయ్య సంతకం లేకుండా అంగుళం కదలకూడదు. నంబరు లేనిది నెల మొదటి ఆదివారం చెత్తబండి ఎక్కాలి.

ఈ చట్టాల్లో సందు ఎక్కడుందా అని వెతికే మనిషి మూడో అంతస్తులో కాపురం ఉంది. ఆయన మేనకోడలే. పేరు ఏదైతేనేం, ఇంటిల్లిపాదీ పిలిచేది పేచీ అని. పుట్టిన గంటకే ఆస్పత్రి నర్సుతో గొడవ పెట్టుకుందని మావయ్యే పెట్టాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరుగా చేస్తుంది. ఎవరో కష్టపడి కట్టినదాన్ని ఎక్కడ నొక్కితే కూలుతుందో కనిపెట్టడం ఉద్యోగం. ఆఫీసులో ఆ పనికి జీతమిస్తారు, ఇంట్లో ఉచితంగా చేసిపెడుతుందని వాళ్ళమ్మ బాధ.

కథంతా ఒక మొక్క గురించి. ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో ఒక మూల, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా ఏళ్ళ తరబడి బతుకుతున్న మొక్క. నడుమెత్తు పెరుగుతుంది, ఆకు నలిపితే ఘాటుగా వాసనొస్తుంది, కొసన ఊదారంగు పూల కంకులు వేస్తుంది. తోటతాత దాన్ని జుంటిపువ్వు అంటాడు. పుస్తకాల్లో ఏమంటారో ఆయనకి తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. వారానికి రెండుసార్లు వచ్చి అపార్టుమెంటు ముందు కుండీలకి నీళ్ళు పట్టి, ఎండుటాకులు ఏరిపోయే మనిషి ఆయన. పునాదులు తవ్వే యంత్రం ఎదురు స్థలంలోకి దిగిన రోజు, తడి గోనెపట్టాలో ఒక వేరుముద్ద చుట్టుకుని మూడో అంతస్తు ఎక్కాడు. ఈ చుట్టుపక్కల ఇదొక్కటే మిగిలిందన్నాడు. తనే నాటొచ్చు కానీ, రేపు పీకెయ్యమన్నప్పుడు పీకాల్సింది కూడా తనేనన్నాడు. అందుకని పేచీ చేతిలో పెట్టాడు.

"మొదటేడు ఆకు తప్ప ఏం చూపించదు పాపా. రెండో ఏడు పూస్తుంది. అక్కణ్ణించి దాని బతుకు అదే బతుకుతుంది. అందాకా కాపాడు చాలు."

పేచీకి అప్పటిదాకా ఎవరూ దేన్నీ కాపాడమని ఇవ్వలేదు. చార్జరు కూడా నమ్మి చేతికివ్వరు. అందుకే కాబోలు, ఆ ముద్దని రెండు చేతులా పట్టుకుని కిందకి దిగి, పంపుగది పక్కన వెనకగోడ వారగా నాటేసింది.

వారం తిరక్కుండా అది మావయ్య కంట పడింది. నాలుగాకులు, పూవు లేదు, కాయ లేదు, కుండీ లేదు, అన్నిటికీ మించి నంబరు లేదు. కలుపు అని తేల్చేశాడు. వచ్చే మొదటి ఆదివారం తీయించెయ్యమని తోటతాతకే చెప్పాడు. తాత తల ఊపి, పైకి మూడో అంతస్తు వైపు ఒకసారి చూసి, కుండీలకి నీళ్ళు పట్టుకోవడానికి పోయాడు.

సరిగ్గా అదే వారం అపార్టుమెంటుకి పన్నెండు ఇసక బకెట్లు వచ్చాయి. నిప్పంటుకుంటే చల్లడానికి. ఒక్కో బకెట్టుకి ఒక్కో 'నూతన వస్తువు నమోదు పత్రం' కావాలి. మావయ్యకి ప్రింటరు లేదు, పేచీకి ఉంది. ఫారాలు తీసి, నింపి పట్టుకురమ్మని పురమాయించాడు. ఆమె బుద్ధిమంతురాలిలా పన్నెండూ నింపింది. మధ్యలో పదమూడోది కూడా నింపింది.

వస్తువు పేరు: పరాగ సంపర్క సహాయక పరికరం. ఇంధనం: ఎండ, నీరు. శబ్దం: స్వల్పం, పగటిపూట మాత్రమే. ఆయుర్దాయం: ఏటేటా తనంతట తాను కొత్తదగును. ఉండు చోటు: పంపుగది పక్కన. పరికరం అన్న ఒక్కమాట తప్ప అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఒక్కమాట లేకపోతే పని జరగదు.

మావయ్య సంతకాలు పెట్టేటప్పుడు మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడుతున్నాడు. పేచీ జీవితంలో మొదటిసారి ఆ నొప్పి గురించి పూర్తిగా విని, ఎడమ మోకాలా కుడి మోకాలా అని ప్రశ్నలు కూడా వేసింది. అటు నొప్పి వర్ణన సాగుతుంటే ఇటు నూట ఏడు నించి నూట పంతొమ్మిది దాకా నంబర్లు పడిపోయాయి. పరికరానికి నూట పదమూడు వచ్చింది.

ఆదివారం పొద్దున కొడవలి పట్టుకున్న తోటతాతని వెంటబెట్టుకుని పంపుగది దగ్గరికి వెళ్ళిన మావయ్యకి, ఆ నాలుగాకుల పక్కన కర్రకి కట్టిన రేకుముక్క కనిపించింది. దాని మీద తెల్ల పెయింటుతో 113. వెనక్కి వెళ్ళి రిజిస్టరు తెచ్చాడు. పేజీ తీశాడు. ఫారం చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. కింద సంతకం ఆయనదే. పేరు నడుమ చుట్ట తిప్పి, చివర రెండు చుక్కలు పెట్టే ఆ సంతకం ఇంకెవరికీ రాదు.

పేచీ అప్పటికే పళ్ళు తోముకుంటూ మెట్ల మీద నిలబడి ఉంది.

"చదవకుండా సంతకం పెట్టవు కదా మావయ్యా," అంది నురగలోంచి.

మావయ్య రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. "పెట్టను," అన్నాడు.

అంతే. తాత కొడవలి నడుముకి దోపుకుని వెళ్ళిపోయాడు.

మరుసటేడు మొక్క మాట నిలబెట్టుకుంది. ఒకటికి పదకొండు కంకులు వేసింది. మొదట చిన్న తేనెటీగలొచ్చాయి, తర్వాత పసుపు సీతాకోకలు, ఆ తర్వాత బొటనవేలంత నల్ల తుమ్మెద ఒకటి వచ్చి పూవు మీద వాలి, ఆ బరువుకి కంకితో సహా ఊగింది. మేడ మీద అత్తయ్య బీరపాదు సంగతి అంతకుముందు వేరుగా ఉండేది. పూలన్నీ రాలిపోయేవి. ఆమె కాటుక కుంచెతో మగపూల పుప్పొడి ఆడపూలకి పూస్తూ, ఈ వయసులో నాకు పెళ్ళిళ్ళ పేరమ్మ పని పట్టింది అని విసుక్కునేది. ఆ ఏడు కుంచె పెట్టెలోంచి తియ్యలేదు. పాదు నిండా కాయలు. ఎవరిల్లు చూసినా బీరకాయలు పంచడానికి వెళ్ళిన అత్తయ్యే.

మావయ్య మాత్రం మొక్క గురించి ఒక్కమాట అనలేదు. కానీ పంపు పనితీరు చూసొస్తానని రోజుకి మూడుసార్లు వెనక్కి వెళ్ళేవాడని అత్తయ్య పేచీ చెవిన వేసింది. పంపుకి ఏ జబ్బూ లేదు.

చలి తిరిగాక మొక్క ఎండిపోయింది. తోటతాత ఎండు కాడల్ని నేలబారుగా కోసేశాడు. అలా కొయ్యాలట, కింద వేరు పడుకుంటుందట. పేచీకి ఆ సంగతి తెలుసు. తెలియని సంగతల్లా, ఆ నెలలోనే మావయ్య వార్షిక తనిఖీ ఉంటుందని.

తనిఖీకి మావయ్యతో పాటు సంఘం సభ్యుడొకరు ఉండాలి. ఆ ఏడు కింద అంతస్తు పళ్ళ డాక్టరు వంతు వచ్చింది. డాక్టరుకి చాలాకాలంగా పంపుగది పక్కన సిమెంటు చేయించి సైకిళ్ళు పెట్టించాలని కోరిక. పంటి మధ్య సందు కనిపించినా నింపెయ్యాలనిపించే మనిషి, నేల ఖాళీగా ఉంటే ఊరుకుంటాడా. ఇద్దరూ నిచ్చెన నించి మొదలుపెట్టి నూట పదమూడు దగ్గరికి వచ్చేసరికి, రేకుముక్క ఉంది, దాని పక్కన బోడి నేల ఉంది.

నంబరుంది, వస్తువు లేదని డాక్టరు సంబరంగా అన్నాడు. లేనిది కొరత కింద రాసి కొట్టెయ్యొచ్చు కదా, చోటు ఎలాగూ ఖాళీయే కదా అన్నాడు. అంతేకాదు, మెట్లు బాగుచెయ్యడానికి మేస్త్రీ ఎలాగూ వచ్చి ఉన్నాడు, ఓ తట్టెడు సిమెంటు ఇటు కూడా పోసి వెళ్తాడన్నాడు. మావయ్య కలం మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. మధ్యాహ్నం రాస్తానన్నాడు. మేస్త్రీ మాత్రం మెట్ల దగ్గర సిమెంటు కలపడం మొదలుపెట్టేశాడు.

పేచీ ఇంటి నించే ఆఫీసు మీటింగులో ఉండగా కిటికీలోంచి ఆ పారచప్పుడు వినపడింది. ఎవరి సిమెంటో అని తొంగిచూస్తే, డాక్టరు గోడవారన తాడు పట్టి కొలతలు తీసుకుంటున్నాడు. హెడ్‌సెట్టు మెడలోనే పెట్టుకుని పరుగున మెట్లు దిగింది. దిగుతున్నంతసేపూ లెక్క వేసుకుంది. మొక్క అని ఒప్పుకుంటే ఫారం అబద్ధమవుతుంది, నంబరు రద్దు. పరికరమేనంటే, కంటికి కనపడాలి, లేదు కనక కొరత, అప్పుడూ రద్దు. తను తవ్విన గోతిలో తనే నిలబడి, పైన సిమెంటు పోస్తుంటే చూడాలి. ఇంత చక్కటి లోపం ఆఫీసులో ఎప్పుడైనా పట్టి ఉంటే ప్రమోషన్ వచ్చేది.

మావయ్య రెండో అంతస్తు మెట్ల మీద రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని ఒంటరిగా కూర్చుని ఉన్నాడు.

"మావయ్యా, అది పరికరం కాదు. మొక్క," అంది రొప్పుతూ. "తప్పుడు ఫారం నింపాను. నన్నేమన్నా అను. కానీ కింద వేరు బతికే ఉంది. తాత నాకు నమ్మి ఇచ్చాడు. సిమెంటు పోస్తే ఇంక లేవదు."

"మొక్కేనని నాకు తెలీదా," అన్నాడు మావయ్య. "పరికరం ఎక్కడైనా వాసనొస్తుందిటే?"

"మరి రద్దు చెయ్యలేదేం?"

ఆయన రిజిస్టరు అట్ట మీద లేని దుమ్ము దులిపాడు. "రద్దు చెయ్యాలంటే కారణం రాయాలి. ఏం రాయను? కార్యదర్శి చదవకుండా సంతకం పెట్టెనూ అని నా చేత్తో రాయమంటావా? ముప్పై ఆరేళ్ళలో ఒక్కటి పెట్టలేదే అలాంటిది. నీ దిక్కుమాలిన మోకాలి ప్రశ్నలకి పెట్టాను."

పేచీ ఆయన పక్కన కూలబడింది. ఇన్నాళ్ళూ మావయ్యని ఇరికించానని మురిసిపోతోంది కానీ, ఇద్దరూ ఒకే సందులో ఇరుక్కుని ఉన్నారని ఇప్పుడే తెలిసింది. నవ్వొచ్చింది. నవ్వితే బాగోదని హెడ్‌సెట్టు సర్దుకుంది. అందులోంచి మేనేజరు ఏదో అడుగుతున్నాడు.

"కంటికి కనపడితే కొరత కాదు కదా?" అంది పేచీ.

"కాదు."

"అయితే తీసి చూద్దాం. తాతని పిలుస్తా. పైపైన మట్టి గీకితే వేరుకేం కాదు."

తోటతాత వచ్చేసరికి గోడ దగ్గర పెద్ద సభే అయింది. పార భుజాన వేసుకుని మేస్త్రీ, చేతులు కట్టుకుని డాక్టరు, బీరకాయల సంచితో అత్తయ్య. తాత ఒంగి, పార అవసరం లేదని, చూపుడువేలితో మట్టి పక్కకి జరిపాడు. రెండంగుళాల లోతున ఎండిన కాడ మొదలు కనిపించింది. దాని పక్కన, బియ్యపుగింజంత, లేత గులాబీ మొన. మూసిన పిడికిలిలా గట్టిగా ఉంది.

"నిద్రపోతున్నాయండీ," అన్నాడు తాత. "చలి పోయాక లేస్తాయి."

మావయ్య మోకాళ్ళ నొప్పి మర్చిపోయి నేల మీద కూర్చున్నాడు. కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కున్నాడు. "లేస్తాయి అన్నావేం? లేస్తుంది అనాలి. ఒకటే కదా ఇచ్చింది."

తాత వేలు ఇంకో జానెడు జరిపాడు. అక్కడొక మొన. ఇంకో పక్క ఇంకోటి. వేరు నేల కిందే పాకి పిల్లలు పెట్టింది. మొత్తం అయిదు తేలాయి.

మావయ్య మొహంలో రంగు మారడం పేచీ కళ్ళారా చూసింది. స్టోర్సు మనిషికి కొరత పెద్ద విషయం కాదు. ఒకటి తగ్గితే ఒక గీత, ఒక సంతకం. కానీ ఒకటి ఉండాల్సిన చోట అయిదు ఉన్నాయంటే పుస్తకమే తప్పు. అదనం తేలిన చోటు తేలినట్టే ఉంచి, సీలు వేసి, సంగతేమిటో తేలేదాకా ఎవర్నీ కాలు పెట్టనివ్వకూడదు. ఫ్యాక్టరీలో ఒకసారి ఆరు బోల్టులు ఎక్కువ తేలితే గోదాం మొత్తం పదిరోజులు మూసేశానని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు.

సిమెంటు సంగతేంటని డాక్టరు అడిగాడు. అదనపు నిల్వ ఉన్న చోట పనులేవీ జరగవని మావయ్య చెప్పాడు. ఎన్నాళ్ళు అని డాక్టరు. వచ్చే ఏడు ఎన్ని అవుతాయని మావయ్య తోటతాతని అడిగాడు. తాత ఆలోచించి, మాటతో చెప్పకుండా, చెయ్యి చాపి గోడ ఈ కొస నించి ఆ కొసదాకా మెల్లగా తిప్పి చూపించాడు. కలిపిన సిమెంటు గట్టిపడిపోతుందని మేస్త్రీ తన దారిన తను మెట్ల దగ్గరికి పోయాడు. అత్తయ్య ఎందుకైనా మంచిదని అతనికి రెండు బీరకాయలు ఇచ్చి పంపింది.

మావయ్య తీసిన మట్టిని తనే దోసిలితో మళ్ళీ కప్పాడు. ఒక్కో మొన మీదా కొంచెం కొంచెం, అదిమీ అదమకుండా. అలా కప్పుకుంటూ పోతూ ఒకచోట ఆగి, తల వంచి, మట్టి మీద ఊదాడు. తర్వాత తలెత్తి డాక్టరు చెప్పుల వైపు చూశాడు.

"డాక్టరుగారూ, కాస్త కాలు తీస్తారా? స్టాకు మీద నిలబడ్డారు."