కొండమేకల ఉప్పురాయి

కొండ గేటు దగ్గర పొద్దున్నే కనిపించే దృశ్యం మీరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. బస్సు దిగిన పిల్లలు చేతిలో ఆకుకట్ట పట్టుకుని నిలబడతారు. పొదల వెనక నుంచి జింకలు బెదురూ బెరుకూ లేకుండా నడిచొస్తాయి. ఒకటి కట్ట లాగేసుకుంటుంది, పిల్ల కిలకిలా నవ్వుతుంది, తండ్రి ఫోనులో ఫొటో తీస్తాడు. ఆ పక్కనే స్టూలు వేసుకుని, ముందు ఆకుకట్టల బుట్ట పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. ఊరంతా ఆవిడను జింకలత్త అంటారు. చూడముచ్చటైన దృశ్యమే. కానీ పాఠకులారా, ఆ ముచ్చట వెనకే ఒక కొండ ప్రాణం మెల్లగా పోతోంది. మనం ఫొటోలు తీసుకుంటూ ఆ సంగతి పట్టించుకోవడం లేదు.

ఆ జింకలు ఈ కొండవి కావు. వెనకటికి ఒక మిల్లు యజమాని తన తోటకు అందంగా ఉంటాయని వాటిని వేరే దేశం నుంచి ఓడ మీద తెప్పించుకున్నాడు. మిల్లు మూతపడింది, తోట గోడ కూలింది, జింకలు కొండెక్కాయి. ఇక్కడ వాటిని వేటాడే జంతువేదీ లేదు. ఆడింది ఆటగా, తిన్నది మేతగా మందలు మందలుగా పెరిగాయి. కొండ మీద మొదటి నుంచీ ఉన్నవి బూడిదరంగు కొండమేకలు. అవి మహా సిగ్గరివి. ఎవరి చేతిలోనూ ఆకు తినవు, ఫొటోలకు నిలబడవు. అందుకే ఊళ్లో లాడ్జి బోర్డు మీద జింక, టీకొట్టు గోడ మీద జింక, బడిపిల్లల చొక్కా జేబు మీద జింక. కొండమేక బొమ్మ ఊరంతా గాలించినా దొరకదు. అవి ఇప్పుడు కొండ వెనకవైపు చరియల్లో ఒకే ఒక్క మందగా మిగిలాయి.

జింకలత్త కోడలు ఆ కొండకు అటవీ అధికారి. అత్తాకోడళ్లకు ఇంట్లో పేచీ లేదు. ఉన్న పేచీ అంతా గేటు దగ్గరే.

"అత్తయ్యా, ఆ కట్టలు మానెయ్యండి. మీకు దణ్ణం పెడతాను," అంది కోడలు ఒకరోజు, డ్యూటీ బూట్లకు అంటిన మట్టి గుమ్మంలో దులుపుకుంటూ.

"ఆకలితో వచ్చిన దానికి రెండాకులు పెడితే నీ ఉద్యోగం ఊడిపోతుందా అమ్మాయ్?"

"మనం పెడుతున్నాం కాబట్టే అవి అంతకంతకూ పెరుగుతున్నాయి. ఇక్కడ తిని, పైకి పోయి, మొలిచిన ప్రతి మొక్కనూ మొదలంటా కొరికేస్తున్నాయి. నేను కంచె వేయించిన చోట మీరూ చూశారుగా. లోపల మొక్కలు నడుమెత్తు లేచాయి. బయట చీపురు పెట్టి ఊడ్చినట్టుంది. మొన్నటి వానకు ఆ మట్టే జారి బడి వరండాలోకొచ్చింది. కొండమేకలకు మేత ఎక్కడుంటుంది చెప్పండి?"

"నోరున్నది తినక ఏం చేస్తుందిలే."

మాటల్లో ఓడిపోయినప్పుడల్లా అత్త గిన్నెలు గట్టిగా తోముతుంది. ఆ రోజు వాళ్లింట్లో గిన్నెలు తళతళా మెరిశాయి.

కోడలు ఊరి సభ ముందు పెట్టిన ప్రతిపాదన సూటిగా ఉంది. జింకలకు మేత పెట్టడం పూర్తిగా ఆపాలి. కొన్ని ఆడజింకలకు సంతానం కలగకుండా సూదిమందు వేయాలి. అది చాలదు కనుక మందలో చాలా వాటిని తుపాకీతో తగ్గించాలి. లేకపోతే కొండమేకల ఆఖరి మంద దక్కదు. సభ ఒప్పుకుంటే తప్ప ఇందులో ఏ ఒక్కటీ జరగదు. ఊరు భగ్గుమంది. లాడ్జి ఓనరు అయితే, ఆ అధికారిని మూటాముల్లె సర్దించి పంపేదాకా నిద్రపోనని టీకొట్టు దగ్గర అందరూ వినేలా అన్నాడు.

జింకలత్తకు కొండమేకల మీద ప్రేమ లేదనుకునేరు. ఆవిడ భర్త బతికున్నన్నాళ్లూ ఆ కొండకు కాపలాదారు. ఎండలు ముదిరితే కొండమేకలు ఉప్పు కోసం రాళ్లు నాకుతాయి. అందుకని ఆయన వారం వారం ఒక ఉప్పురాయి భుజాన వేసుకుని చరియ ఎక్కి, పైన ఇరుకు గట్టు మీద పెట్టి వచ్చేవాడు. ఆయన పోయాక ఆవిడ ఆ పని మానలేదు. మోకాళ్లు మొరాయించడంతో చరియ ఎక్కలేక, కింద ఉన్న చదును బండ మీద పెట్టడం మొదలుపెట్టింది. మేకలే దిగి వస్తున్నాయని సంతోషపడింది. ఈమధ్య అవి చిక్కిపోయినట్టు కనిపిస్తే, పాపం బలం వస్తుందని ఇంకో రాయి కూడా పెట్టింది. జింకలూ వచ్చి నాకిపోతుంటే, ఉప్పు దగ్గర తనా పరా ఏమిటిలే అనుకుంది.

ఆ ప్రతిపాదన సంగతి తేల్చే సభ ఇక రేపనగా ఆవిడ బండ దగ్గరకు వెళ్లేసరికి ఒక మేకపిల్ల ఉప్పురాయికి మూతి ఆనించి పడి ఉంది. ముక్కుల దగ్గర నురగ ఎండిపోయి ఉంది. తల్లి కాస్త దూరంలో నిలబడి దగ్గుతోంది. మనిషిని చూసినా పారిపోయే ఓపిక దానికి లేదు.

కబురందుకుని కోడలు పశువుల డాక్టరును వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన చచ్చిన మేకపిల్లను కోసి చూసి, ఊపిరితిత్తులు పాడయ్యాయని చెప్పి, చేతులు కడుక్కోవడానికి వాగు వైపు వెళ్లాడు.

"ఈ జబ్బు జింకల నుంచి వచ్చింది అత్తయ్యా," అంది కోడలు మెల్లగా. "ఒంట్లో ఉన్నా వాటికేమీ కాదు. కొండమేకలు తట్టుకోలేవు. జింక నాకిన ఉప్పునే ఇదీ నాకింది."

అత్త పైన గట్టు వైపు చూసింది. "మీ మామయ్య అక్కడ పెట్టేవారు."

"అవును. అక్కడికి జింకలు ఎక్కలేవు."

"ఎందుకండీ అంత పైకి, ఇక్కడ పెడితే పోలా అంటే వినేవారు కాదు. మొండిమనిషి అనుకున్నాను. ఆయన చెప్పలేదు, నేను గట్టిగా అడగలేదు."

"మీరు తెలిసి చేయలేదు కదా."

"తెలియక చేశానని ఈ పిల్ల లేచి నడుస్తుందా అమ్మాయ్?"

జింకలత్తకు ఏడుపు రాలేదు. ముందు సిగ్గేసింది, తర్వాత ఒళ్లు మండేంత కోపం వచ్చింది. ఇన్నేళ్లూ తన చేత్తో తినిపించి, అది పుణ్యమని మురిసిపోయినందుకు తన మీద తనకు అసహ్యం కలిగింది. ఉప్పురాళ్లు రెండూ గోనెసంచిలో వేసుకుని, కోడలు పట్టుకుంటానన్నా ఇవ్వకుండా తనే మోసుకుంటూ కొండ దిగింది.

గేటు దగ్గర లాడ్జి ఓనరు ఆవిడ కోసం ఎదురుచూస్తున్నాడు.

"అత్తా, రేపు సభలో మీరొక్క మాట మాట్లాడాలి. జింకల గురించి మీకన్నా ఎవరు చెప్పగలరు?"

"వస్తాను నాయనా. మాట్లాడతాను," అంది ఆవిడ.

అతను సంబరంగా వెళ్లిపోయాడు.

మర్నాడు హాలు కిక్కిరిసిపోయింది. వేదిక వెనక జింకపిల్ల ఫొటో ఒకటి గోడంత కట్టారు. లాడ్జి ఓనరు గద్గద స్వరంతో మాట్లాడి, కళ్లు తుడుచుకుని, జింకలత్తను చెయ్యి పట్టి వేదిక ఎక్కించాడు. చప్పట్లు మోగాయి. అవి ఆగాక ఆవిడ మైకు దగ్గరకు జరిగింది.

"వీటిని నా చేతులతో మేపాను. తుపాకీ మాట నాకూ వినబుద్ధి కాదు. అయినా చెబుతున్నా. తగ్గించాల్సిందే. నా కోడలు రాసిందంతా ఉన్నదున్నట్టు జరగాల్సిందే."

హాల్లో గగ్గోలు లేచింది. లాడ్జి ఓనరు ముఖం మాడిపోయింది.

"అత్తా, ఇవి మీ కోడలు నూరిపోసిన మాటలు," అన్నాడు.

"నా కోడలు ఏళ్ల తరబడి నూరిపోసింది నాయనా, నా చెవికెక్కలేదు. నిన్న నా ఉప్పు నాకి చచ్చిన మేకపిల్లను చూశాక ఎక్కింది."

వెనక వరసలోంచి ఎవరో లేచారు. "నోరులేని జీవాలను చంపమంటున్నారు. పాపం తగలదా?"

"తగిలితే నాకే తగలనివ్వండి. ఊరికే కూర్చుంటే మాత్రం తగలదా? కొండమేకకు మాత్రం నోరుందా? దాని తరఫున ఈ గోడ మీద ఒక్క బొమ్మన్నా కట్టారా?"

సభ ఛైర్మను అటు కేకలు వేసేవాళ్లనూ చూశాడు, లాడ్జి ఓనరునూ చూశాడు. తొందరేమీ లేదని, ఒక కమిటీ వేసి నిదానంగా ఆలోచిద్దామని నసిగాడు.

"మీరు కమిటీ వేసుకోండి బాబూ," అంది జింకలత్త మైకు ముందు నుంచి కదలకుండా. "అది తేల్చేదాకా కొండమేకలు ఆగలేవు, నేనూ ఆగను. రేపటి నుంచి ఆ గేటు దగ్గర ఒక్క ఆకు పడనివ్వను. నన్ను తీసుకుపోయి లోపల వేస్తారా, వేయండి."

అన్నట్టే మర్నాడు గేటు ముందు అడ్డంగా నిలబడింది. లాడ్జి ఓనరు వ్యానులో ఆకుకట్టలు నింపుకుని తనే స్వయంగా వచ్చాడు. కోడలు యూనిఫాంలో వచ్చి అత్త పక్కన నిలబడింది. బదిలీ కాగితం ఇవాళో రేపో వస్తుందని ఆమెకు తెలుసు. అది చేతికొచ్చే క్షణం దాకా ఈ కొండ తనదే అనుకుంది. వరండాలో మట్టి ఎత్తి ఎత్తి విసిగిపోయిన బడి పంతులమ్మ వచ్చి మూడోమనిషిగా నిలిచింది. టీకొట్టావిడ కాసేపు తటపటాయించి, స్టౌ ఆర్పేసి తనూ వచ్చింది. బస్సులో వచ్చిన జనం ఏం జరుగుతోందో తెలియక చుట్టూ మూగారు.

"పక్కకు జరగండి అత్తా," అన్నాడు లాడ్జి ఓనరు.

"జరగను."

"ఈ వయసులో ఇంత రాతిగుండె ఏమిటి మీకు? దయ అనేది లేదా?"

ఆవిడ గొంతు పెంచలేదు. చుట్టూ నిలబడిన వాళ్లందరికీ వినపడేలా మాత్రం చెప్పింది.

"వాటిని ఇక్కడికి తెచ్చింది మనం, మేపి మందలు చేసింది మనం, కొండమేకల చోటు వాటికి దోచిపెట్టింది మనం. మనం తెచ్చిపెట్టిన జీవానికి మనమే హద్దు గియ్యాలి. ఆ ధైర్యం లేనివాళ్లెవరూ నా ముందు దయ అనే మాట ఎత్తకండి."