కనబడని పాలెం వార్తలు

పొద్దున పడవలు ఒడ్డుకొచ్చి చేపలు అమ్ముడైపోగానే సుభాషిణి ఫోను పట్టుకుని పాలెం వీధుల్లో తిరిగేది. ఎవరి గుమ్మం దగ్గర ఆగినా "ఏంది సంగతులు?" అని అడిగి, విన్నది ఇంటికొచ్చి తన బ్లాగులో రాసేది. నెల్లూరులో డిగ్రీ చదివొచ్చిన పిల్ల. మైపాడు దారిలోని తమ పాలెం గురించి ఏ పేపర్లోనూ ఒక్క ముక్క రాదని ఆమెకు కడుపుమంట.

ఎలా వస్తుంది? బయటివాళ్ళకు ఆ పాలెం కనబడదు. బస్సులో పోయేవాళ్ళకు ఇసుక, సరుగుడు తోపు, దాని వెనక సముద్రం కనిపించేవి, అంతే. నొప్పులొచ్చిన ఆడవాళ్ళను మంచం మీద రోడ్డుదాకా మోసుకెళ్తేనే అంబులెన్సు వాళ్ళు ఎక్కించుకునేవారు. తాతల నాటి నుంచీ అంతే కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

సుభాషిణి మొదటి వీధి గురించి, అక్కడ చెడిపోయిన చేతిపంపు గురించి రాసిన మర్నాడు బస్సు కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి "ఇక్కడ ఇళ్ళుండాయే!" అన్నాడు. అప్పట్నుంచి ఆమె రాసిన ఇల్లల్లా కనబడసాగింది. పంపు బాగైంది. నర్సు వచ్చి పిల్లలకు టీకాలు వేసిపోయింది.

ఇంతలో స్నేహితురాలు చిట్టి కొడుక్కి ఒళ్ళంతా పుండ్లు లేచాయి. పక్కనున్న రొయ్యల గుంటల్లోని మురుగునీళ్ళను గొట్టం వేసి వాళ్ళ తాగునీటి బావి పక్కనే వదులుతున్నారు. ఆ గుంటల ఆసామి పేరెత్తితేనే చుట్టుపక్కల అందరికీ దడ. సుభాషిణి ఫోటోలు తీసి, తన పేరు లేకుండా రాసింది. తన ఇంటి గురించి మాత్రం ఒక్క అక్షరమూ రాయలేదు. ఆమెను పెంచిన అవ్వ ముసలమ్మకు కొత్త మనిషిని చూస్తేనే తలుపు చాటుకు పోయే భయం.

మగవాళ్ళంతా వేటకెళ్ళిన ఒక మధ్యాహ్నం, ఆసామి మనుషులు జీపులో దిగారు. సుభాషిణి గుమ్మం ముందునుంచే నడిచిపోయారు. ఒకడి మోచెయ్యి గోడకు తగిలింది. అటూ ఇటూ చూసి, చెయ్యి రుద్దుకుంటూ పోయాడు.

వేటకు పోకుండా ఒడ్డున వల బాగుచేసుకుంటున్న చిట్టి తండ్రి కామాక్షయ్య మాత్రం, చిట్టి ఇంటి సంగతి వార్తలో ఉంది కాబట్టి, వాళ్ళకు కనబడ్డాడు.

"రాసిందెవురు ముసలోడా?"

"నాకు తెల్దయ్యా."

జీపులోంచి డీజిల్ డబ్బా తెచ్చి ఆయన పడవ మీద గుమ్మరించారు. సుభాషిణి కిటికీలోంచి చూస్తోంది.

"గమ్మునుండు తల్లీ, వాళ్ళకి మనం కనబడం," అని ముసలమ్మ గుసగుసగా అంది.

"మామ కనబడతన్నాడు గదవ్వా."

సుభాషిణి ఫోను తీసింది. 'ఆ వార్త రాసింది నేనే. నా పేరు సుభాషిణి. ఒడ్డుకు ఎదురుగా ఉన్న ఈ ఇల్లు మాదే. మా అవ్వ ముసలమ్మ ఎవరికీ భయపడదు.' రాసి నొక్కింది.

బయట ఆసామి మనుషులు ఇటు తిరిగారు.

"రేయ్, ఈ ఇల్లు యాడిది?"

సుభాషిణి లేవబోయింది.

"నన్ను గూడా రాసినావా?" అంది ముసలమ్మ.

"రాసినానవ్వా."

ముసలమ్మ చీర కొంగు నడుముకు దోపుకుంది. తలుపు తీసి, ఎండలో వాళ్ళ మధ్యలోంచే నడిచిపోయి, డీజిల్ కారుతున్న పడవెక్కి కూర్చుంది.

"ఊఁ, అంటించండి," అంది.

లైటర్ పట్టుకున్నవాడు ఆమె ముఖం చూశాడు. ఆ ముఖంలో వాడికి ఏ కోశానా భయం కనబడలేదు. అప్పటికే రోడ్డు మీద బస్సు ఆగింది. కిటికీల నిండా తలలు. వాడు లైటర్ జేబులో వేసుకున్నాడు. జీపు వెళ్ళిపోయింది. తర్వాత తహసీల్దారొచ్చి ఆ గొట్టం మూయించాడు.

ఆ మధ్యాహ్నం జీపు కనుమరుగయ్యాక సుభాషిణి ఎట్టాగో పడవదాకా వెళ్ళి అవ్వ పక్కన కూలబడింది.

"భయంగా ఉండాదవ్వా."

ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. అవ్వ చెయ్యి మంచులా చల్లగా ఉంది.

"నాకూ ఉండాది తల్లీ. అది మాత్రం రాయబాక."