పైకి పోయే గీత

కూరెకుప్ప పాపన్నకు వచ్చిన చదువు ఒకటే, గీతల చదువు. ఖనిజానికి రెక్కలొచ్చిన రోజుల్లో లారీ ఆఫీసు గోడ మీద ధర గీత గీసి పెట్టేవాళ్లు. గీత పైకి పోతే బండి బయటికి తియ్యి, కిందికి దిగితే టైర్లు విప్పి లోపల పెట్టు. అంతే శాస్త్రం. బడి గడప సరిగ్గా తొక్కని మనుషులు ఆ ఒక్క ముక్కతో మేడలు కట్టారు. పాపన్న మేడా అలా లేచిందే. ఇప్పుడు లోడ్లు తగ్గిపోయాయి, ఉన్న టిప్పర్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. ఆ శాస్త్రం మీద నమ్మకం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

తమ్ముడి భార్య అనుపమ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. కరోనా రెండోసారి వచ్చి కాలేజీ మళ్లీ మూతపడితే, హాలు గోడకు చార్టు కాగితాలు అంటించి, ఎదురుగా స్టూలు మీద ఫోను నిలబెట్టి పాఠాలు చెప్పేది. జీతం ఇస్తామన్నారు గానీ ఎప్పుడో చెప్పలేదు. భర్త విక్రమ్ అన్న లారీల లెక్కలు చూసేవాడు. లారీలే లేకపోతే లెక్కలెక్కడివి? ఇంటిల్లిపాదీ తినేది పాపన్న తెచ్చిన బియ్యమే. ఆ మాట ఎవరూ అనరు గానీ, ముద్ద దిగేటప్పుడు అనుపమకు గుర్తొస్తూనే ఉంటుంది.

ఆ నెల పాఠం దేశం ఖజానా గురించి. మాంద్యం వస్తే సర్కారు రాబడీ ఖర్చూ ఎలా మారతాయో బొమ్మల్లో చూపాలి. పన్నుల రాబడికి నీలం గీత గీసింది, అది కిందికి వచ్చింది. ఖర్చుకు ఎర్ర గీత గీసింది, అది పైకి లేచింది. రెంటి మధ్య ఖాళీ అంతా అప్పు. రెండూ రూపాయల గీతలు కావు, దేశం మొత్తం సంపాదనలో రాబడి ఎంత వంతో, ఖర్చు ఎంత వంతో చూపే గీతలు. ఆ సంగతి కింద మూలన చిన్న అక్షరాలతో రాసింది. పిల్లలకు నోటితోనూ చెప్పింది. అటుపక్క కూర్చుని సంగటి తింటున్న బావకు మాత్రం చెప్పలేదు. ఆయన వింటున్నాడని ఎవరనుకున్నారు?

"ఈ ఎర్రది గవర్నమెంటు ఖర్చేనా మ్మా?" అని అడిగాడు ఒకరోజు.

"అవును బావా."

"పైకే పోతాండాది కదా."

"పోతాండాది" అంది అనుపమ, ఛార్జరు వెతుక్కుంటూ.

పాపన్న దాన్ని ఖనిజం గీత చదివినట్టే చదివాడు. సర్కారు ఖర్చు పెరిగితే రోడ్లు వేస్తారు. రోడ్డుకు కంకర కావాలి, కంకరకు టిప్పర్లు కావాలి. అందరూ బండ్లు అయినకాడికి తెగనమ్ముకుంటున్నప్పుడు కొన్నవాడే మొనగాడు. డబ్బంటావా, మోక అనే ఊళ్లో తల్లి రామసుబ్బమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చిన నల్లరేగడి పొలం ఉండనే ఉంది.

అనుపమకు తెలిసేసరికి పొలం బేరం కుదిరింది, అడ్వాన్సు చేతికొచ్చింది, ఆ అడ్వాన్సుతో రెండు పాత టిప్పర్లు ఇంటి ముందు నిలబడ్డాయి. ఈ కరువులో ఇవెందుకు బావా అని అడిగితే, ఆయన గర్వంగా గోడ చూపించాడు.

ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది. "అది లోడు గీత కాదు బావా, వంతు గీత. ఒకాయనకు జీతం సగమైందనుకోండి. ఇంటి బాడుగ అంతే ఉండాది. జీతంలో బాడుగ వంతు పెరుగుతాది గదా. అంతమాత్రాన ఇల్లు పెద్దదైనట్టా?"

పాపన్న గోడ వైపు తిరిగి ఎర్ర గీతను మళ్లీ చూశాడు.

"దేశం సంపాదన పడిపోయింది, దాంతో గీత లేచింది. నిజంగా పెరిగిన ఖర్చు కూడా ఉండాది. అందులో వడ్డీలుండాయి, రేషన్ బియ్యం ఉండాది. మన పక్క రోడ్లకు ఎంతిస్తారో ఈ గీత చెప్పదు. చేసిన పనులకే బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు ఏడుస్తాండారు."

పాపన్న తెలివితక్కువవాడేం కాదు, ఒకసారి చెబితే అర్థమయ్యే మనిషి. పాపం, అర్థమైంది.

"ఆ కాలంలో గీత కింద ఏమీ రాసేటోళ్లు కాదు మ్మా" అన్నాడు చివరికి. "రేటంటే రేటే."

"ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు గదా. అత్తకు చెప్పి ఆపుదాం బావా."

"అడ్వాన్సు యాడనుంచి తెచ్చి ఇచ్చేది? ఈ బండ్లు ఎవుడు వెనక్కి తీసుకుంటాడు? అమ్మకు చెప్పొద్దు మ్మా. ఎప్పుడూ నిన్ను ఏదీ అడగలేదు. ఇదొక్కటి అడుగుతాండా."

కసిరి ఉంటే ఎదురు తిరిగేది. బతిమాలాడు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ ఆ మనిషి ఆమెను గ్లాసెడు మంచినీళ్లు కూడా అడిగి ఎరగడు. అనుపమ తలూపింది. ఊపినందుకు తనను తాను అసహ్యించుకుంది, అయినా ఊపింది. తిన్న అన్నం అలాంటిది.

పొలం కొనే దుర్గప్ప, సాక్షి సంతకం చదువుకున్న కోడలే పెట్టాలన్నాడు, రేపు పేచీ రాకుండా. అందరూ బళ్లారి రిజిస్ట్రారాఫీసుకు బయల్దేరారు. దారి పొడుగునా రామసుబ్బమ్మ పొలం ఊసెత్తలేదు. మిరపకాయల ధర చెప్పింది, కాలేజీవాళ్లు జీతం ఎప్పుడిస్తారని అడిగింది. అనుపమకు మాట నాలిక చివరిదాకా వచ్చింది. ముందు సీట్లో వంగిపోయిన బావ మెడ కనిపించి మింగేసింది.

రిజిస్ట్రారు ముసలామెను చూసి, "ఒప్పిగె ఇదెయా అజ్జీ? యారూ బలవంత మాడిల్ల తానే?" అన్నాడు కన్నడంలో. ఇష్టపడే అమ్ముతున్నావా, ఎవరైనా బలవంతం చేశారా అని అడగడం ఆయన పని.

"నన్ను ఎవురు బలవంతం చేస్తారప్పా" అని నవ్వింది రామసుబ్బమ్మ. "ఖనిజం ఊపులో ఈడు నా కాళ్లు పట్టుకున్యాడు పొలం అమ్మమని. ఇయ్యలేదు. ఈడి గీతలు నేను యాపొద్దూ నమ్మలేదు. ఈ తూరి గీసింది మా కోడలు. కాలేజీలో చెప్తాది. ఆయమ్మి గీసినాదంటే అబద్ధం ఉండదు."

రిజిస్ట్రారు అనుపమ వైపు మర్యాదగా చూశాడు. పాపన్న నేల చూశాడు. అప్పుడు చెప్పినా పొలం మిగిలేది. అనుపమ మాస్కు ముక్కు మీదికి ఇంకాస్త లాక్కుంది.

రామసుబ్బమ్మ బొటనవేలు మిషను మీద పెట్టింది. కలుపు తీసీ తీసీ అరిగిన వేలు, ముద్ర పడలేదు. తుడిచి పెట్టమన్నారు. అప్పుడూ పడలేదు. ఆపమని ఆ మిషనే చెబుతున్నట్టు అనిపించింది అనుపమకు. గుమస్తా గట్టిగా నొక్కమని విసుక్కున్నాడు.

"నాకు చేతగావడంలే" అంది రామసుబ్బమ్మ, కోడలి వైపు తిరిగి. "నువ్వు పట్టి నొక్కు మ్మా."

అనుపమ లేచి వెళ్లి అత్త పక్కన నిలబడింది. ఆ వేలు చేతిలోకి తీసుకుంది, అద్దం మీద ఆనించి, గట్టిగా నొక్కింది. ముద్ర పడింది.