లాంచీలో మనిషి

వల సగం లాగాక అంజయ్య ఆగి, పుట్టి అడుగున చేరిన నీళ్లను డబ్బాతో తోడిపోశాడు. ఎడమ భుజం పైకి లేవడం లేదు. ఇరవై రెండేళ్లుగా కృష్ణ వెనుకజలాల్లో చేపలు పడుతున్నా ఆ పుట్టి అతనిది కాదు, కిరాయిది.

ఒడ్డున బీమా ఆఫీసరు కాచుకుని ఉన్నాడు. మొన్న ఆదివారం గాలివానకు షికారు లాంచీ కట్టు తెంచుకుని బండల మీదికి కొట్టుకుపోతుంటే, అంజయ్యే పుట్టిలో ఎదురెళ్లి, దాని తాడు ఒడ్డుకు తెచ్చి తుమ్మ మొద్దుకు బిగించాడు. భుజం అప్పుడే పట్టేసింది.

"నువ్వు వెళ్లేసరికి లాంచీలో మనిషి ఉన్నాడా?" అన్నాడు ఆఫీసరు. "ఎవరూ లేని లాంచీని కాపాడితే దాని ఖరీదులో పదో వంతు నీది. లాంచీ మనిషే అందులో ఉంటే నీకొచ్చేది రోజు కూలి. మా కాగితంలో అట్లా ఉంది."

ఉన్నాడు. కాపలా మనిషి చోటే మియా. తాడు విసిరింది అతనే. "అరె అంజన్నా, నీ పుట్టి బొంగరం లెక్క తిరుగుతాంది! జర పైలం, నువ్వు పోతే నాకు చేపలెవరిస్తరు?" అని అంత వానలోనూ నవ్వాడు.

"తాను ఉన్నానంటున్నాడు మియా. నువ్వేమంటావు?" అని ఆఫీసరు మళ్లీ అడిగాడు.

అంజయ్య పుట్టి వైపు చూశాడు.

"ఎవ్వరు లేరు సారు. మియా ఎనకచ్చిండు."

ఆఫీసరు రాసిన కాగితం మీద వేలిముద్ర వేశాడు. లాంచీ సేటు దగ్గర పందొమ్మిదేళ్లు నమ్మకంగా ఉన్న మియాను ఒక్క మాటకు ఎవరు తీసేస్తారులే అనుకున్నాడు.

చేపలు అమ్మాడు. కొత్త పుట్టి ఎంతకొస్తుందో అడిగాడు. మధ్యాహ్నం సద్ది విప్పి, మళ్లీ మూట కట్టేశాడు. ఆఫీసరుకు నిజం చెప్పేసి వస్తే పోయేది కొత్త పుట్టే కదా అనిపించి, పొద్దు వాలుతుండగా మియా కోసం రెండు చేపలు పట్టుకుని లాంచీ దగ్గరికి నడిచాడు.

చాయ్ బండి పుష్పమ్మ ఎదురొచ్చింది. "మియా లేడే అన్నా. గాలికి లాంచీని ఇడిసిపెట్టి ఉరికిండని కాయితంల రాసిండ్రట. సేటు పగటేల ఎల్లగొట్టిండు. కర్నూలు దిక్కు బిడ్డ కాడికి పోతున్నన్నడు."

"నన్నేమన్న అన్నడా?"

"నీ భుజం నొప్పి తగ్గిందా అనడిగిండు."

లాంచీలో మియా పడుకునే వెనుక గది తలుపు తీసే ఉంది. చాప లేదు, సంచీ లేదు. కిటికీలో సత్తు గిన్నె ఉంది. అందులో ఆ పొద్దున నానబోసిన శనగలు నీళ్లన్నీ పీల్చుకుని అంచు దాకా ఉబ్బి ఉన్నాయి.