తెరమీద పన్నెండు సీసాలు

నేను చూసుకునే మా ఆసుపత్రి మందుల గదిలో పాముకాటు మందు ఒక్క చుక్క కూడా లేదు. కంప్యూటర్‌లో మాత్రం పన్నెండు సీసాలు భేషుగ్గా ఉన్నాయి. ఆ అబద్ధం నాదే.

సున్నా చూపిస్తే పైనుంచి మెమో వస్తుంది. ముందుగా ఎందుకు అడగలేదంటారు. అడిగినప్పుడు పంపి చచ్చారా? అందుకే మూడు వారాల కిందట ఒక రైతుకి ఆఖరి పన్నెండూ ఎక్కించాక, వాడేసినట్టు రాయకుండా ఊరుకున్నాను. కొత్త సరుకు రాగానే సర్దేద్దాం అనుకున్నాను. పన్నెండు ఉన్నాయిగా అని పైవాళ్ళు సరుకే పంపలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మధ్యాహ్నం మూడింటికి అంబులెన్స్ డ్రైవర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, పాము కరిచిన పాపని తెస్తున్నా. తొమ్మిదేళ్ళు. రెప్పలు వాలిపోతున్నాయి. మీ దగ్గర పన్నెండు సీసాలున్నట్టు నా ఫోన్‌లో చూపిస్తోంది. ఇరవై నిమిషాల్లో అక్కడుంటాం."

"రండి" అనేశాను. ఉద్యోగం ఊడుతుందన్న భయమే నాచేత ఆ మాట అనిపించింది.

లేదని తెలిసీ ఫ్రిజ్ తెరిచాను. టీకాల డబ్బాల వెనక చెయ్యి పెట్టి తడిమాను. అడిగితే పుట్టుకొస్తాయా, పిచ్చిమొహమా! ఇంతలో నర్సక్క లోపలికొచ్చింది.

"సీసాలివ్వమ్మా, అన్నీ సిద్ధం చేసుకుంటా."

"లేవక్కా."

"లేకపోవడమేంటి?"

"ఒక్కటీ లేదు. కంప్యూటర్‌లోది దొంగలెక్క."

నర్సక్క తిట్టలేదు. తిట్టినా బావుండేది.

"ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యి. ఉద్యోగం గురించి తర్వాత ఏడుద్దువుగానీ" అంది.

కంగారులో రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. అప్పటికే ఆరు నిమిషాలు పోయాయి.

"తమ్ముడూ, ఇటు రాకు! మందు లేదు, తప్పు నాదే. కాలవ అవతలి ఆసుపత్రిలో పద్నాలుగున్నట్టు కంప్యూటర్‌లో ఉంది, బండి అటు తిప్పు."

డ్రైవర్ నన్ను నానా మాటలూ అన్నాడు. పడ్డాను. అతని వెనక నుంచి ఒకావిడ "ఇంకెంత దూరం బాబూ" అంటూ ఏడవడం వినిపించింది.

వెంటనే కాలవ అవతలి ఆసుపత్రికి చేశాను. అక్కడి మందుల గది చూసేది ఒక పెద్దాయన, నేను బాబాయ్ అంటాను.

"బాబాయ్, పాముకాటు కేసు. చిన్నపిల్ల. మెమోకి భయపడి నేను చూపించింది దొంగలెక్క. నీ దగ్గరికి పంపించాను, ఆ పద్నాలుగూ బయటపెట్టు."

"మెమోకి భయపడేది నువ్వొక్కదానివేనా తల్లీ" అన్నాడు. "ఇక్కడా ఒక్కటీ లేదు. పెద్దాసుపత్రికే పోవాలి."

పెద్దాసుపత్రి అక్కణ్ణించి రెండు గంటల దారి. మళ్ళీ డ్రైవర్ నంబరు నొక్కాను. నేను నోరు తెరిచేలోపే అతనే అందుకున్నాడు.

"కంగారుపడకండి మేడమ్, వచ్చేశాం. కాలవ దాటాం, ఆసుపత్రి గేటు కనిపిస్తోంది. పాపకి ఇంకా ఊపిరాడుతోంది."